బయటి దారి చివర్న తెరవండి: ఆఫీసు ఫైల్ సర్వర్ విషయంలో చేయవలసినవి, చేయకూడనివి

ఆఫీసులో ఫైల్ సర్వర్ పెట్టించుకునే యజమాని మొట్టమొదట అడిగేది, "ఇంట్లోంచి ఫైళ్లు ఎప్పుడు కనబడతాయి?" అనే. పెట్టడానికి వచ్చిన కుర్రాడు కూడా ఆ పనే ముందు చేసిపెడతాడు. రౌటర్‌లో ఒక పోర్టు తెరిచి, సార్ ఫోన్‌లో ఫోల్డర్ చూపించి, డబ్బులు తీసుకుని వెళ్తాడు. బ్యాకప్ మాత్రం "వచ్చే వారం చూద్దాం సార్" దగ్గరే ఉండిపోతుంది. నష్టాల్లో చాలా వరకు ఈ వరసలోంచే పుడతాయి. దీన్ని తలకిందులు చేయాలి. ముందు బ్యాకప్, తర్వాత ఎవరికి ఏ ఫోల్డర్ అన్న లెక్క, ఆ తర్వాత పాత సిస్టమ్‌ల సంగతి. అవన్నీ కుదిరాక, అన్నిటికంటే చివర్న బయటి దారి.

నేను ఉదాహరణగా పెట్టుకున్నది ఒక ఆడిటర్ ఆఫీసు. విజయవాడ అనుకోండి, వరంగల్ అనుకోండి. ఎనిమిది, పది మంది ఉంటారు. అందులో సగం ఆర్టికల్స్ చేసే పిల్లలు. ట్యాలీ డేటా, ఎక్సెల్ షీట్లు, క్లయింట్ల పాన్ కార్డు కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్కాన్ చేసిన బిల్లులు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. లాయరు ఆఫీసుకైనా, ఆర్కిటెక్టు ఆఫీసుకైనా, ప్రింటింగ్ ప్రెస్సుకైనా చెప్పేది పెద్దగా మారదు.

బయటి దారి అంత ప్రమాదమా అనేవారు 2017 మే 12ను గుర్తు చేసుకోవాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ఆ రోజున ప్రపంచమంతా పాకింది. విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు గుండా, ఎస్‌ఎంబీ అనే ఆ షేరింగ్ పద్ధతి మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకుని, ఎవరూ ఏమీ క్లిక్ చేయకుండానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు దూకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలు చేతిలో ఉండి కూడా వేసుకోనివాళ్లు నష్టపోయారు.

అది విండోస్ గొడవ, మాది న్యాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) అంటారా? 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనేది క్యూన్యాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లన్నిటినీ పాస్‌వర్డ్ ఉన్న సెవెన్‌జిప్ మూటలుగా కట్టి డబ్బు అడిగింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ వచ్చి అవే పెట్టెల మీద పడింది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మైబుక్ లైవ్ డ్రైవులను ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు, జనం ఏళ్ల తరబడి దాచుకున్నది తుడిచిపెట్టుకుపోయింది. ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆగిపోయింది 2015లో. బ్రాండ్లు వేరైనా ఇలా పోయిన పెట్టెలకు ఒక పోలిక ఉంది, అవి నేరుగా ఇంటర్నెట్‌కు ముఖం పెట్టి కూర్చున్నాయి.

అసలు సర్వర్ అవసరమా?

నలుగురే ఉన్న ఆఫీసైతే, పనంతా వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్‌లే అయితే నేను సర్వర్ వద్దనే చెబుతాను. గూగుల్ వర్క్‌స్పేస్‌కో మైక్రోసాఫ్ట్ 365కో చందా కట్టి, రెండంచెల లాగిన్ పెట్టుకుంటే సరిపోతుంది. పెద్ద పెద్ద స్కాన్‌లు, ట్యాలీ, డ్రాయింగులు ఉన్నచోటే సర్వర్ గిట్టుబాటు. దాన్ని చూసుకునే మనిషి ఒకరు, బయటివారైనా సరే, పేరుపెట్టి చెప్పగలిగేవారు ఉండాలి. అలాంటి మనిషి లేని ఆఫీసులో సర్వర్ పెట్టకండి.

పెట్టె, డిస్కులు, కరెంటు

అకౌంటెంట్ వాడుతున్న సిస్టమ్‌నే షేర్ చేసి సర్వర్ అనకండి. ఆయన మెయిల్ తెరిచేదీ, క్లయింట్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చేదీ అందులోనే. పైగా మామూలు విండోస్ 10, 11 ఒకేసారి ఇరవైకి మించి కనెక్షన్లు ఒప్పుకోవు, విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. రెండు డిస్కులో నాలుగు డిస్కులో పట్టే న్యాస్ పెట్టె కొనండి. చేయగల మనిషి ఉంటే మంచి డెస్క్‌టాప్ మీద లినక్స్ వేసి సాంబా నడిపించండి. ఏది తీసుకున్నా కొనేముందు ఒకటి అడగండి: ఈ మోడల్‌కు అప్‌డేట్లు ఇంకా ఎన్నేళ్లు వస్తాయి? సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే పాత న్యాస్‌లు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

డిస్కులు న్యాస్‌కు తగినవే వేయండి. సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా అని మోడల్ నంబరుతో సరిచూసుకోండి, సీఎంఆర్ రకమే కావాలి. న్యాస్ కోసమని అమ్మిన కొన్ని వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కులు ఎస్‌ఎంఆర్ రకమని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. చెడిపోయిన డిస్కు బదులు కొత్తది వేసి రైడ్‌ను (డిస్కులను జతచేసే ఏర్పాటును) తిరిగి కట్టేటప్పుడు ఆ రకం డిస్కులు బాగా ఇబ్బంది పెడతాయి. రెండు డిస్కులనూ ఒకే రోజు ఒకే కొట్లో, ఒకే బ్యాచ్‌లో కొనకుండా ఉంటే ఇంకా మంచిది.

రైడ్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు అనే మాట మాత్రం నమ్మకండి. స్టెప్నీ టైరు ఉన్నంత మాత్రాన బండిని దొంగలెత్తుకెళ్లకుండా ఉండరు. ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకుండా చూడటమే రైడ్ పని. ఎవరైనా ఫోల్డర్ చెరిపేస్తే అది రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ తాళం వేసినా అంతే.

కరెంటు గురించి రెండు మాటలు. ఫ్యాన్లకు పెట్టిన ఇన్వర్టర్ మీద సర్వర్ పెట్టకండి, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపలి ఆ రెప్పపాటే రాస్తున్న ఫైలును పాడుచేయడానికి చాలు. యూపీఎస్ విడిగా కొనండి. దాని వెనక ఉండే యూఎస్‌బీ కేబుల్‌ను సర్వర్‌కు కలపండి. చాలా ఆఫీసుల్లో ఆ కేబుల్ డబ్బాలోనే ఉండిపోతుంది. అది కలిపితే బ్యాటరీ తగ్గుతున్నప్పుడు సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. నెట్ వాళ్ల ఓఎన్‌టీ పెట్టె, రౌటర్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పెట్టెను ఏసీ నీళ్లు కారే చోట, నేల మీద, సెల్లార్‌లో పెట్టకండి.

బ్యాకప్: దారి తెరవడానికి ముందే

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట. ఈ సూత్రం ఎప్పటి నుంచో ఉంది, ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు. కాకపోతే "ఆఫీసు బయట" అన్నదాన్ని మనవాళ్లు పై అంతస్తు అని అర్థం చేసుకుంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆఫీసూ, యజమాని ఇల్లూ ఒకే పేటలో ఉంటే ఇంట్లో పెట్టిన డిస్కును బయటి కాపీ కింద లెక్కవేయకండి. అది ఇంకో పేటలో, వీలైతే ఇంకో ఊళ్లో ఉండాలి.

చేయండి: రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని వంతులవారీగా వాడండి. ఈ వారం ఒకటి సర్వర్‌కు, ఇంకొకటి బయటి చోట. శనివారం మార్చాలి. మార్చే బాధ్యత ఒక్కరిది, పుస్తకంలో తేదీ రాసి సంతకం చేయాలి. బయటికి వెళ్లే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, ఎందుకంటే అందులో మీ క్లయింట్లందరి పాన్ వివరాలు బస్సులోనో బైకు సంచిలోనో ప్రయాణం చేస్తున్నాయి. దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆఫీసు బీరువా లాకర్‌లో పెట్టండి. సర్వర్‌లోనే ఒక ఫైలులో రాసిపెడితే, సర్వర్ పోయిన రోజున అదీ పోతుంది.

చేయకండి: బ్యాకప్ డిస్కును ఏడాది పొడుగునా సర్వర్‌కే గుచ్చి ఉంచకండి. సర్వర్‌లోకి దూరినవాడికి అది కూడా ఒక ఫోల్డరే. ఇంకో పెట్టెకు బ్యాకప్ తీస్తుంటే, సర్వర్ ఆ పెట్టెలోకి పంపేలా కాకుండా, ఆ పెట్టే సర్వర్ నుంచి లాక్కునేలా పెట్టించండి. అప్పుడు బ్యాకప్ పెట్టె పాస్‌వర్డ్ సర్వర్‌కు తెలియాల్సిన అవసరమే ఉండదు.

వీటికి తోడు సర్వర్‌లోనే స్నాప్‌షాట్లు, అంటే ఫైళ్లు ఆ వేళకు ఎలా ఉన్నాయో అలాగే దాచే నకళ్లు, పెట్టించండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ మీద నడిచే పెట్టెల్లో ఇది మొదటి నుంచీ ఉన్న సౌకర్యమే. పని వేళల్లో గంటకొకటి, నెల రోజులు ఉండేలా పెడితే చాలు. ఆర్టికల్ అబ్బాయి తెలియక ఒక ఎక్సెల్ మీద ఇంకోటి సేవ్ చేసిన రోజున ఆడిటర్ గారి రక్తపోటు పెరగకుండా చూసేది ఇదే.

క్లౌడ్‌లో కాపీ ఉంచుకునేవారు ఒక లెక్క వేసుకోవాలి. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న లైన్‌లో ఒక టీబీ డేటా మొదటిసారి ఎక్కడానికి నాలుగున్నర రోజులు దాటుతుంది, అదీ లైను ఆగకుండా ఉంటే. తిరిగి దించుకోవడానికి 100 ఎంబీపీఎస్ లైన్ మీద దాదాపు ఒక రోజంతా పడుతుంది. సెప్టెంబరు 30 ట్యాక్స్ ఆడిట్ గడువుకు ముందు రోజు సర్వర్ పోయిందనుకోండి, ఆ ఒక్క రోజు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే క్లౌడ్ ఉన్నా ఎక్స్‌టర్నల్ డిస్కు మానకూడదు.

మీ దగ్గర కంపెనీల ఖాతాలు ఉంటే చట్టం కూడా ఒక మాట చెబుతుంది. ఎలక్ట్రానిక్‌గా ఉంచే ఖాతా పుస్తకాల బ్యాకప్, భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ పడాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ నియమాలను మార్చారు. అంతకుముందు "ఎప్పటికప్పుడు" అనే తీరులో ఉండేది.

ఇక అందరూ ఎగ్గొట్టే పని. నెలకోసారి ఏదో ఒక క్లయింట్ ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వేరే సిస్టమ్‌లోకి తీసి, ట్యాలీలో తెరిచి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో చూడండి. "బ్యాకప్ విజయవంతం" అని రోజూ మెయిల్ వస్తూనే ఉంటుంది, తెరిచి చూస్తే ఖాళీ ఫోల్డర్లు ఉంటాయి. తీసి చూడనిదాన్ని బ్యాకప్ కింద లెక్కవేయకండి.

ఎవరికి ఏ ఫోల్డర్

అందరికీ ఒకే యూజర్, ఒకే పాస్‌వర్డ్ వద్దు. "ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్" అసలే వద్దు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ ఎవరి సిస్టమ్‌లో పడితే, ఆ మనిషికి రాసే హక్కు ఉన్న ప్రతి ఫోల్డర్‌నూ నాశనం చేస్తుంది. ఆ సిస్టమ్‌లో జెడ్ డ్రైవ్‌గా కనిపించేదంతా దాని చేతికి అందుతుంది. ఆర్టికల్ పిల్లలకు వారు చేస్తున్న క్లయింట్ల ఫోల్డర్లే తెరుచుకోవాలి. మూసేసిన పాత సంవత్సరాల ఫోల్డర్లు అందరికీ చదవడానికి మాత్రమే. ఆడిటర్ గారికి కూడా రోజువారీ లాగిన్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరు ఉండాలి. ఇది చెప్పినప్పుడు కొందరు నొచ్చుకుంటారు, "నా ఆఫీసులో నాకే అడ్డా?" అని. అడ్డు ఆయనకు కాదండీ, ఆయన పేరుతో వచ్చేవాడికి.

ఆర్టికల్‌షిప్ 2023 జూలై నుంచి మూడేళ్ల బదులు రెండేళ్లయింది. అంటే మనుషులు ఇంకా తొందరగా మారిపోతుంటారు. రిలీవింగ్ కాగితం మీద సంతకం పెట్టే రోజే ఆ లాగిన్ ఆపేయండి.

ప్రతి ఆడిటర్ ఆఫీసులోనూ ఒక ఎక్సెల్ ఫైలు ఉంటుంది, అందులో క్లయింట్లందరి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్‌లు వరుసగా ఉంటాయి. దాని పేరు కూడా "పాస్‌వర్డ్స్" అనే ఉంటుంది. సర్వర్ మొత్తంలో దొంగకు అన్నిటికంటే విలువైనది అదే. దాన్ని షేర్‌లోంచి తీసేయండి. కీపాస్, బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మార్చి, ఎవరికి ఏ క్లయింట్‌వి కావాలో అవే ఇవ్వండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లను సిస్టమ్‌లకు గుచ్చి వదిలేయడం కూడా ఇలాంటి అలవాటే, అదీ మానాలి.

తెలుగు పేర్లతో ఫైళ్లు దాచుకునేవారికి ఒక చిన్న సంగతి. లినక్స్ మీద నడిచే పెట్టెల్లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, యూనికోడ్ తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు. అంటే గుర్తులన్నీ కలుపుకొని 85కే సరి. దస్తావేజు పేరంతా పొడుగ్గా రాస్తే విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు బ్యాకప్‌లో పడకుండా జారిపోవచ్చు. పేర్లు పొట్టిగా పెట్టండి.

పాత సిస్టమ్‌లు, పాత జెరాక్స్ మెషీన్

సర్వర్‌లో ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఆపేసి ఉంచండి. ఎవరి కోసమూ తెరవకండి. తెరవమనేవారు ఇద్దరుంటారు. ఒకటి, మూలన ఉన్న పెద్ద జెరాక్స్ మెషీన్. స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్‌లో వేసే పాత మెషీన్లలో చాలావాటికి ఆ మొదటి వెర్షన్ తప్ప రాదు. ముందు దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి, లేకపోతే స్కాన్‌ను మెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో తిప్పండి. రెండోది, డీటీపీ సిస్టమ్. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం ఎక్స్‌పీని ఇప్పటికీ బతికించుకుంటున్న ప్రెస్సులు మన దగ్గర ఉన్నాయి, వారి అవసరం నాకు అర్థమవుతుంది. ఆ సిస్టమ్‌ను పారేయమనను. నెట్ తీసేసి, ఆఫీసు నెట్‌వర్క్‌లోంచి తప్పించి, ఫైళ్లు పెన్‌డ్రైవ్ మీద అటూ ఇటూ తిప్పుకోమంటాను. ఆ ఒక్క సిస్టమ్ కోసం సర్వర్ మొత్తాన్ని 2017లోకి తీసుకెళ్లకండి.

ఇప్పుడు బయటి దారి

ఇక్కడ నియమం ఒక్కటే: బయటివారికి సర్వర్ కనబడకూడదు. రౌటర్‌లో 445 గానీ, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 గానీ, న్యాస్ లాగిన్ పేజీ గానీ ఇంటర్నెట్‌కు ఫార్వర్డ్ చేయకండి. "నంబరు మార్చి పెట్టాను సార్, ఎవరికీ తెలీదు" అంటే ఒప్పుకోకండి. ఇంటర్నెట్‌లోని అడ్రసులన్నిటినీ, పోర్టులన్నిటినీ రాత్రింబవళ్లు తడుముతూ తిరిగే ప్రోగ్రాములు ఉన్నాయి. షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచి ఈ పనే చేసి, ఎక్కడ ఏ పెట్టె తెరిచి ఉందో అడిగినవారికి చూపిస్తోంది.

దారి వీపీఎన్ గుండానే, అంటే ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్ట్ చేసి వేసుకున్న సొంత దారి గుండానే ఉండాలి. ముందు వీపీఎన్‌లోకి, అక్కడి నుంచి సర్వర్‌లోకి. వైర్‌గార్డ్ నా మొదటి ఎంపిక. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6తోనే అది లినక్స్‌లో భాగమైపోయింది. సరైన కీ లేకుండా తట్టినవారికి అది జవాబే ఇవ్వదు, అక్కడ ఏదైనా ఉందన్న సంగతే తెలియనివ్వదు. ఓపెన్‌వీపీఎన్ కూడా మంచిదే. పాత రౌటర్లలో సులువుగా కనిపించే పీపీటీపీని మాత్రం ముట్టుకోకండి, దాని లాగిన్ పద్ధతిని 2012లోనే ఛేదించారు.

మీ నెట్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ ఉందో లేదో కనుక్కోండి. చాలా కనెక్షన్లలో వందల మంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ ఐపీ పంచుతారు, దీన్నే సీజీన్యాట్ అంటారు. రౌటర్‌లో కనిపించే వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే. అలాంటప్పుడు బయటి నుంచి మీ రౌటర్‌ను చేరుకునే వీలు లేదు. నెట్ వాళ్ల దగ్గర డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒక దారి. టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోవడం ఇంకో దారి. అది వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది, లోపలి నుంచే బయటికి కలుస్తుంది కాబట్టి పోర్టు తెరిచే పనే లేదు. చిన్న ఆఫీసుకు నేను ఇప్పుడు ఎక్కువగా చెప్పేది రెండోదే. అయితే అప్పుడు ఆ ఖాతా లాగిన్ మీ ఆఫీసు తాళంచెవి అవుతుంది, దానికి రెండంచెల లాగిన్ లేకపోతే చేసిందంతా దండగ.

మొదటి రోజే ఆలోచించాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఆఫీసు నెట్‌వర్క్ అడ్రసులు 192.168.1 తో మొదలవుతుంటే మార్చేయండి. ఇళ్లలో రౌటర్లు కూడా చాలావరకు అదే అడ్రసుతో వస్తాయి. రెండు చోట్లా ఒకటే అయినప్పుడు వీపీఎన్ కలిసినట్టే కనిపిస్తుంది, సర్వర్ మాత్రం తెరుచుకోదు. ల్యాప్‌టాప్ ఆ అడ్రసును ఇంట్లోనే వెతుక్కుంటూ ఉంటుంది మరి. 10.37.14 లాంటి ఎవరూ వాడని వరస పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

మనిషికొక కీ కాదు, పరికరానికొక కీ ఇవ్వండి. ల్యాప్‌టాప్‌కు ఒకటి, ఫోన్‌కు ఇంకొకటి. ఫోన్ ఆటోలో పోగొట్టుకుంటే ఆ ఒక్క కీ తీసేస్తే చాలు, మిగతావారి పని ఆగదు. వీపీఎన్‌లోకి వచ్చినవారికి నెట్‌వర్క్ అంతా తెరవకండి. ఫైల్ సర్వర్ వరకు, అవసరమైతే ట్యాలీ సిస్టమ్ వరకు మాత్రమే దారి ఉండాలి. సీసీ కెమెరా రికార్డర్‌తోనో, బ్యాకప్ పెట్టెతోనో ఇంట్లోంచి పనేముంటుంది?

రౌటర్‌ను కూడా ఒకసారి చూడండి. పెట్టెతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా? యూపీఎన్‌పీ ఆపారా? అది ఆన్‌లో ఉంటే న్యాస్ పెట్టే మీకు చెప్పకుండా పోర్టు తెరిపించుకోగలదు. సెట్టింగుల పేజీ బయటి నుంచి తెరుచుకుంటోందా? అన్నీ అయ్యాక ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, వీపీఎన్ లేకుండా సర్వర్ తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకోకపోతేనే మీ పని సరిగా అయినట్టు.

ఎనీడెస్క్ గురించి చాలామంది అడుగుతారు. సర్వీస్ కుర్రాడు అయిదు నిమిషాలు చూసి వదిలేయడానికి పనికొస్తుంది, ఆఫీసు రోజువారీ దారిగా పనికిరాదు. మనిషి లేకపోయినా తెరుచుకునేలా పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టి వదిలేసిన సిస్టమ్, ఆ పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడిదీ అవుతుంది. ఇలాంటి యాప్‌లతో ఖాతాలు ఊడ్చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

ట్యాలీని వీపీఎన్ మీద తెరవకండి

ఇది విడిగా చెప్పాలి. వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్‌లు వీపీఎన్ మీద తెరిస్తే కొంచెం నెమ్మదిగా వస్తాయి, అంతకంటే ఏమీ కాదు. ట్యాలీ అలా కాదు. సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను ఇంట్లోని ట్యాలీతో నేరుగా తెరిస్తే చాలా నెమ్మదిగా నడుస్తుంది, వోచర్ సేవ్ అవుతుండగా లైను తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆఫీసులో ఒక సిస్టమ్‌లో ట్యాలీ నడవనిచ్చి, ఇంట్లోంచి వీపీఎన్ గుండా ఆ సిస్టమ్‌కు రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి. అప్పుడు లైను మీద ప్రయాణించేది తెర మీది బొమ్మ మాత్రమే, లైను తెగినా ఆఫీసులో ట్యాలీ తన పని తాను చేసుకుంటుంది. ఎమ్మెస్ యాక్సెస్ ఫైళ్లకూ ఇదే పద్ధతి.

ఇంటి వైపు

ఆఫీసులో ఎంత పకడ్బందీగా చేసినా ఇంట్లో పిల్లలు గేమ్‌లు దించుకునే ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ పెడితే ఆ శ్రమంతా వృథా. ఆఫీసు పనికి ఆఫీసు ల్యాప్‌టాపే వాడాలి, దాని డిస్కు బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉన్న సిస్టమ్‌కు కీ ఇవ్వకండి, అడిగింది పార్ట్‌నర్ గారైనా సరే.

మార్చేటప్పుడు, ఆ తర్వాత

కొత్త సర్వర్‌లోకి మారడానికి సెప్టెంబరు, జూలై నెలాఖర్లు, ప్రతి నెలా 20వ తేదీ ముందు రోజులు ఎంచుకోకండి. పాత సిస్టమ్‌లోని డేటాను మారిన వెంటనే చెరపకండి. కనీసం ఒక జీఎస్టీ నెల గడిచేవరకు, చదవడానికి మాత్రమే వీలయ్యేలా ఉంచండి.

అప్‌డేట్లకు వారంలో ఒక వేళ పెట్టుకోండి. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్ హెచ్చరికలు ఇద్దరి మెయిల్‌కైనా వెళ్లాలి. సర్వర్ గడియారం నెట్ నుంచి సమయం తీసుకునేలా చూడండి. అది తప్పితే ఫోన్‌లో వచ్చే ఆరంకెల కోడ్ పనిచేయదు, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్న రికార్డుకూ విలువ ఉండదు. ఆ లాగ్‌లను 180 రోజులు ఉంచాలని కేంద్ర సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది.

ఏదైనా జరిగితే

ఫైళ్ల పేర్లు మారిపోతున్నాయి, డబ్బు అడిగే నోట్ కనబడింది. అప్పుడు మొదటి పని సర్వర్‌కు ఉన్న నెట్‌వర్క్ కేబుల్ పీకేయడం. రెండోది, అనుమానం ఉన్న సిస్టమ్‌ను కూడా నెట్‌వర్క్ నుంచి విడదీయడం. వెంటనే ఫార్మాట్ చేయకండి, ఎలా వచ్చారో తేల్చే ఆధారాలన్నీ అందులోనే ఉన్నాయి. తెర మీది నోట్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. వాడు ఇచ్చిన అడ్రసుకు మీ అంతట మీరు మెయిల్ పెట్టి బేరానికి దిగకండి. కొన్ని రకాల తాళాలకు ఉచిత తాళంచెవులు 2016లో మొదలైన నో మోర్ ర్యాన్సమ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, ఏ రకమో ముందు అక్కడ చూడండి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సర్ట్-ఇన్ ఆదేశాల పరిధిలోకి వచ్చే సంస్థలు సంఘటన తెలిసిన 6 గంటల్లోపు వారికి తెలియజేయాలి. క్లయింట్ల వివరాలు బయటికి పోయాయనిపిస్తే దాచిపెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే వీలు కల్పించింది. ఆ మొత్తం చిన్న ఆఫీసు దాకా రాదనుకున్నా, క్లయింటుకు ఆ సంగతి ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆయన ఫైలు పట్టుకుని వెళ్లిపోతాడు.

ఈ కంగారులో అందరూ చేసే పని ఒకటుంది, బయటి చోట ఉన్న బ్యాకప్ డిస్కును తెప్పించి అదే సర్వర్‌కు గుచ్చి చూడటం. ఆ పని మాత్రం చేయకండి. సర్వర్‌ను మొదటి నుంచి కొత్తగా కట్టించండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, ఆ తర్వాతే డిస్కును ఆఫీసుకు తెప్పించండి.